కత్తెరమ్మ ఏరుకున్న ముడులు

అట్టలు మొత్తం నలభై మూడు. చెల్లెలింట్లో మంచం కింద పాత దుప్పటిలో చుట్టి ఉన్నాయి. ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరైనా ఇవేమిటని అడిగితే చెల్లెలు ఒక అట్ట లాగి వాళ్ళ ఒళ్ళో పెడుతుంది. చూడొద్దు, కళ్ళు మూసుకుని తడమండి అంటుంది. చాలామంది మొహమాటానికి ఒకసారి వేళ్ళు ఆనించి, బాగుందండీ అని తిరిగి ఇచ్చేస్తారు. ఎవరో ఒకరు మాత్రం రెండోసారి తడుముతారు. వాళ్ళకే ఆమె టీ పెట్టి ఇచ్చి, తన అక్క సంగతి చెబుతుంది.

ఆ అక్కకి ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉన్నా, పనిచేసే చోట అందరికీ ఆమె కత్తెరమ్మే. నోటు పుస్తకాలూ కాగితాలూ టోకున అమ్మే గోదాములో కట్టలు విప్పడం ఆమె పని. పేపరు మిల్లు నుంచి, ప్రెస్సుల నుంచి, బైండింగు షాపుల నుంచి, కవర్లు చేసే ఫ్యాక్టరీ నుంచి లారీల్లో కట్టలు దిగేవి. ప్రతి కట్టనీ పురికొసతో అడ్డంగా నిలువుగా బిగించి, పైన ముడివేసి పంపేవాళ్ళు. మెడలో నాడాకి వేలాడే కత్తెరతో ఆమె ఆ తాడు కోసి, సరుకుని అరల వైపు తోసేది.

కోయడానికి కూడా ఒక పద్ధతి ఉండేది. గోదాము మేనేజరు పురికొసని కన్నబిడ్డలా చూసుకునే మనిషి. విప్పిన తాడంతా ఉండ చుట్టి మళ్ళీ వాడాల్సిందే. ఉండలో ముడి కలిస్తే తర్వాత కట్టేటప్పుడు చేతికి అడ్డం పడుతుంది కాబట్టి, ముడికి అటు రెండు వేళ్ళు ఇటు రెండు వేళ్ళు వదిలి కోయాలని ఆయన శాసనం. దాంతో సాయంత్రానికి కత్తెరమ్మ కాళ్ళ చుట్టూ చేటెడు ముడులు పోగయ్యేవి. వాటిని చీపురుతో ఊడ్చి బయటి డ్రమ్ములో వేసి, చేతులు దులుపుకుని, తను ఉండే చెల్లెలింటికి వెళ్ళేది. ఇరవై ఎనిమిదేళ్ళు అలా ఊడ్చింది.

కళ్ళ సంగతిని మొదట బయటపెట్టింది గోదాములోని తూకం బల్ల. ఎప్పుడూ ఉండే చోటే ఉన్న ఆ బల్ల మూల, ఆ ఏడు ఆమె నడుముకి రోజూ తగలడం మొదలుపెట్టింది. బల్ల మీద కోపమొచ్చి ఒకరోజు దాన్ని చేత్తో కొట్టింది కూడా. తర్వాత మెట్ల పక్క గోడ, ఆ తర్వాత ఎదురొచ్చే మనుషుల భుజాలు. ఎదురుగా ఉన్నది అద్దంలా కనిపించేది. పక్కనున్నదే లేదు.

చెల్లెలు పట్టుబట్టి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తోందని, దీనికి మందు లేదని, రెండేళ్ళు, మహా అయితే నాలుగేళ్ళు అని డాక్టరు మెల్లగా చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. ఖాళీగా ఉన్నప్పుడు మీకేం చేయడం ఇష్టం అని అడిగింది. ఖాళీ అనేది కత్తెరమ్మకి పెద్దగా పరిచయం లేని సంగతి. మా అక్క కట్టలు విప్పుతుందండీ అని చెల్లెలు అందుకుంది. డాక్టరు నవ్వలేదు. చేతికి హాయిగా ఉండేది, ఖర్చు లేనిది ఏదైనా ఎంచుకుని పోగుచేయడం మొదలుపెట్టండి, కళ్ళున్నప్పుడే చేతులకి దాన్ని అలవాటు చేయండి అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెల్లెలు ముక్కు తుడుచుకుంటూనే ఉంది. కత్తెరమ్మ కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుకుంటూ కూర్చుంది. దిగాక అంది.

"ఎందుకే ఆ ఏడుపు. చీకటంటే నాకేం భయం లేదు. గోదాములో సగం రోజు చీకట్లోనే కదా బతికింది."

"మరి దేనికీ భయం లేదా నీకు?"

కత్తెరమ్మ నాలుగడుగులు నడిచి ఆగింది. "ఉంది. చూపు పోయాక కొత్తది ఒక్కటి కూడా నా దాకా రాదేమోనని. ఇప్పటిదాకా చూసినవే లోపల తిరగేసుకుంటూ కూర్చోవాలేమోనని."

చెల్లెలు బడిపంతులమ్మ. ఏ కష్టాన్నయినా హోంవర్కుగా మార్చేస్తే సగం తీరుతుందని నమ్మే మనిషి. ఆ వారమే అక్క పోగుచేయాల్సిన వస్తువుకి మూడు షరతులు రాసి గోడకి అంటించింది. ఒకటి, డబ్బు పెట్టి కొనే పని ఉండకూడదు. రెండు, ఇంట్లో చోటు తినకూడదు. మూడోది అక్క చెప్పి రాయించింది: కళ్ళు మూసుకుని పట్టుకున్నా ఒక్కొక్కటి ఒక్కోలా ఉండాలి.

అలా ఆదివారం పరీక్షలు మొదలయ్యాయి. చెల్లెలి మొగుడు, అంటే కత్తెరమ్మకి మరిది, పళ్ళ డాక్టర్ల కోసం కట్టుడు పళ్ళు తయారుచేసేవాడు. అతనికి ఈ ఆట భలే నచ్చింది. తువ్వాలు తెచ్చి వదిన కళ్ళకి కట్టడం అతని డ్యూటీ. సంచిలోంచి వస్తువులు తీసి అందించడం చెల్లెలి వంతు.

మొదట తపాలా బిళ్ళలు. ఇవి బిళ్ళలో, బస్సు టికెట్లో తేల్చుకోలేక కత్తెరమ్మ పక్కన పడేసింది. తర్వాత నాణేలు. నాణేలు తడమడం హాయిగానే ఉంది కానీ, ఒకటి తడిమితే వెయ్యి తడిమినట్టేనని కొట్టేసింది. గులకరాళ్ళు బాగున్నాయి, ఒక్కటీ ఇంకోదానిలా లేదు. అయితే రాయికి తన గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదంది. గుండీలతో రెండు వారాలు గడిచాయి. దర్జీ దగ్గర తెగినవి, విరిగినవి, జత పోయినవి డబ్బాడు దొరికాయి. మూడో ఆదివారం డబ్బా మూత పెట్టేసింది.

ఒకసారి మరిది తన పనిచోటు నుంచి సుద్దతో పోసిన దవడ అచ్చులు నాలుగు తెచ్చాడు. కత్తెరమ్మ వాటిని చాలాసేపు తడిమింది. ఇది ముసలాయనది, ఈ పక్కే నమిలేవాడు, ఇది పళ్ళు కొరికే మనిషిది అని చెప్పేసింది. మరిది ఆశ్చర్యపోయాడు. ఎన్ని కావాలంటే అన్ని తెస్తానన్నాడు.

"వద్దు మరిదీ. ఇంటినిండా ఊరివాళ్ళ నోళ్ళు పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు" అంది.

తాళంచెవుల దగ్గర మాత్రం అందరూ ఇదే ఖాయమనుకున్నారు. తాళాలు బాగుచేసే అతను పనికిరాని చెవులు గుత్తులుగా ఇచ్చాడు. పళ్ళు, గాట్లు, అరుగుదల, ప్రతి చెవీ వేరు. నెలరోజులు వాటితోనే గడిపింది. తర్వాత ఒకరోజు మొత్తం తిరిగి ఇచ్చేసింది. తలుపు ఎక్కడుందో తెలియని చెవి పట్టుకుని కూర్చుంటే, ఎవరినో బయట నిలబెట్టినట్టుంది అని చెప్పింది. చెల్లెలికి ఒళ్ళు మండింది. నువ్వు సంబంధాలు చూసినట్టు వస్తువులకి వంకలు పెడుతున్నావని విసుక్కుంది.

కత్తెరమ్మ ఊరికే వంకలు పెట్టలేదు. ఆ ఆదివారాలన్నిట్లో ఆమెకి ఒక్కటి అర్థమైంది. తన వేళ్ళు వెతుకుతున్నది వస్తువుని కాదు, దాని వెనకున్న మనిషిని. దవడ అచ్చులో మనిషి ఉన్నాడు కానీ మరీ ఎక్కువ ఉన్నాడు. గుండీలో అసలు లేడు.

ఒక మధ్యాహ్నం గోదాములో కరెంటు పోయింది. ఆ గోదాముకి కిటికీలు లేవు. ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయి కబుర్లలో పడ్డారు. కత్తెరమ్మకి పని మధ్యలో ఆపడం చేతకాదు. చీకట్లోనే ముందున్న కట్ట మీద చెయ్యి వేసి, తాడు మీదుగా ముడి దాకా వెళ్ళి, ఆగి, బైండింగు షాపు సరుకు వచ్చింది, మూడో అర ఖాళీ చేయండి అంది. తర్వాత కట్ట ముట్టుకుని, ఇది కవర్ల ఫ్యాక్టరీ అంది. ఆ తర్వాతది పేపరు మిల్లు. మేనేజరు టార్చి పట్టుకొచ్చి చీటీలు చూశాడు. మూడూ నిజమే.

ఎలా తెలిసిందని అడిగాడాయన. ఆమెకే తెలియదు. చేతులు చెప్పాయి, నోరు పలికింది. టార్చి వెలుగు కింద, కాళ్ళ దగ్గర పడున్న ముడుల పోగు కనిపించింది. వంగి ఒకటి తీసింది. బుడిపెలా గట్టిగా, చివర రెండు మీసాలతో ఉంది. ఇంకొకటి తీసింది. ఇది పలకలా చదునుగా ఉంది. ఆ సాయంత్రం ఊడవలేదు. ముడులన్నిటినీ కాగితం సంచిలో పోసుకుని ఇంటికి పట్టుకెళ్ళింది.

గేటు దగ్గర మేనేజరు ఆపాడు. సంచిలో పురికొస పోతోందేమోనని ఆయన అనుమానం. ఆమె సంచి తెరిచి చూపించింది.

"చెత్త ఎందుకమ్మా?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ నేనూ అదే అనుకున్నానండీ" అంది.

చెల్లెలు ఆ సంచి చూసి నెత్తి కొట్టుకుంది. తువ్వాలు కట్టి, చేతికి ఒక ముడి ఇస్తే మాత్రం కత్తెరమ్మ ముఖం మారిపోయింది. తాళంచెవులతో, గుండీలతో రాని వెలుగు అది. ఈ మనిషి తొందరలో ఉన్నాడే, రెండో చుట్టు సగంలో వదిలేశాడు అంది. ఇంకోదానికి, ఈమెవరో గానీ అసలు ఎవరినీ నమ్మదు, ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి అని నవ్వింది. చెల్లెలు లేచి వెళ్ళి గోడ మీది కాగితం చించేసింది.

పద్ధతి వాళ్ళే తయారుచేసుకున్నారు. గోదాములో పారేసే అట్టల్ని ఒకే కొలతకి కోసి, ఒక్కో దాని మీద పన్నెండు ముడులు వరసగా సూదీదారంతో కుట్టేవారు. వెనక చెల్లెలు తేదీ, ఎక్కడి సరుకో రాసేది. ముందు అంచున కత్తెరమ్మ గాట్లు పెట్టేది: ఒక గాటు పేపరు మిల్లు, రెండు గాట్లు బైండింగు షాపు, మూడు కవర్ల ఫ్యాక్టరీ, నాలుగు ప్రెస్సు. కళ్ళు పోయాక కూడా ఏ అట్ట ఏదో ఇంకొకరిని అడగక్కర్లేకుండా.

ముడివేసినవాళ్ళకి పేర్లు కూడా పెట్టింది. తొందరయ్య, అనుమానమ్మ, నిద్రమొహం. సరుకు తెచ్చే లారీ డ్రైవరుని నిలబెట్టి ఆరా తీసేది. అతను వచ్చే వారం కబురు తెచ్చేవాడు. ఒకసారి వస్తూనే, పెద్దమ్మా, నీ అనుమానమ్మకి గుబురు మీసాలున్నాయి అన్నాడు. ప్రెస్సులో కట్టలు కట్టేది ఒక ముసలి వాచ్‌మన్‌. ఎప్పుడో అతను కట్టిన కట్ట నడిరోడ్డు మీద విడిపోయి, పెళ్ళి శుభలేఖలన్నీ గాల్లోకి లేచాయట. ఆనాటి నుంచి ఒక ముడితో అతనికి తృప్తి లేదు. కత్తెరమ్మ ఆ కథ విని, అతని ముడుల్ని తెచ్చి మళ్ళీ తడుముకుంది. ఇన్నాళ్ళూ నిన్ను తప్పుగా అనుకున్నానయ్యా అని గొణుక్కుంది.

వాటన్నిట్లో అందమైన ముడి కవర్ల ఫ్యాక్టరీది. తాడు చుట్టూ రెండు చుట్లు, చిన్న కన్ను, ఆ కన్నులోంచి బయటికొచ్చి పడుకున్న కొస. ఎప్పుడూ అంతే. ఎక్కడా ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ మనిషికి పంతులమ్మ అని పేరు పెట్టింది, చెల్లెల్ని ఉడికించడానికి. పంతులమ్మ ముడులు నలభై దాకా పోగయ్యాయి. ఒక్కదానికీ ఇంకోదానికీ తేడా లేదు. తప్పు చేయని మనిషి దగ్గర ఎంతసేపని కూర్చుంటాం అని ఆ అట్టల్ని అడుగున పెట్టేసింది.

రెండేళ్ళు గడిచాయి. చూపు తాళం కన్నమంత అయింది. మేనేజరు ఒకరోజు వచ్చి, ఇంక కత్తెర పట్టనివ్వడానికి నా మనసు ఒప్పుకోవడం లేదమ్మా అన్నాడు. ఆమె వాదించలేదు. నాడాతో సహా తీసి ఆయన చేతిలో పెట్టి ఇంటికి వచ్చేసింది. ఆ వారం నుంచి మేనేజరే శనివారం మధ్యాహ్నం ముడుల సంచి పట్టుకుని చెల్లెలింటికి వచ్చేవాడు. గుమ్మంలోంచే, మీ చెత్త తెచ్చానండీ అని పిలిచేవాడు.

ఒక ఆదివారం కత్తెరమ్మ తనే తువ్వాలు కట్టుకుని, అన్నీ కలిపేసి ఇవ్వమంది. చెల్లెలు కొత్త సంచిలోవి, పాతవి కలిపి ఒక్కొక్కటే అందించింది. ఒక్క పొరపాటు లేదు. ముప్పై ముడులకీ వేసినవాళ్ళ పేర్లు తడుముకోకుండా చెప్పేసింది. మరిది చప్పట్లు కొట్టాడు. ఆమె మాత్రం తువ్వాలు విప్పలేదు.

"అక్కా, ఏమైంది?"

"అన్నీ వచ్చేశాయే" అంది. "ఇంక తెలియనిది లేదు."

అక్క దేనికి భయపడిందో అదే వచ్చి ఇంట్లో కూర్చుంది. తర్వాతి శనివారం మేనేజరు సంచి తెస్తే కత్తెరమ్మ గుమ్మం దాకా రాలేదు. ఆ సంచి, దాని తర్వాతి సంచి, ఆ పైది కూడా విప్పకుండా తలుపు పక్కన పడున్నాయి. మరిది జోకులు వేసి చూశాడు. చెల్లెలు కోప్పడి చూసింది. కత్తెరమ్మ రేడియో వింటూ కూర్చునేది. ఏం విన్నావంటే చెప్పలేకపోయేది.

ఒక పొద్దున చెల్లెలు అట్టలు సర్దుతుంటే పంతులమ్మ అట్ట ఒకటి కుట్టు వదిలి ముడులు రాలాయి. బడికి వేళై చెల్లెలు వెళ్ళిపోయింది. కత్తెరమ్మే సూది వెతుక్కుని కుట్టడానికి కూర్చుంది. అప్పటికి వెలుతురు ఆమె కళ్ళకి సాయం చేయడం మానేసి గుచ్చడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకునే కుట్టింది. కుట్టడం అయ్యాక వరస తిన్నగా ఉందో లేదోనని బొటనవేలు ఎడమ నుంచి కుడికి జరిపింది. ఆరు ముడుల మీద వేలు మెత్తగా జారింది. ఏడో దాని దగ్గర అడ్డం తగిలింది.

తలకిందులుగా కుట్టానేమోననుకుంది. కుట్టు విప్పి ముడిని తిప్పి పెట్టింది. మళ్ళీ అడ్డమే. ఎలా తిప్పినా, ఏ కొస పైకి పెట్టినా, మిగతావి వేలుని రమ్మంటుంటే ఇదొక్కటి పొమ్మంటోంది.

సాయంత్రం చెల్లెలు రాగానే చూపించింది. చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని చూసింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. అన్నీ ఒకటేనక్కా, నీకు వేలు కాయ కాసింది అని తేల్చేసింది. కత్తెరమ్మ ఒప్పుకోలేదు. అడుగున పెట్టిన పంతులమ్మ అట్టలన్నీ తీయించింది. విప్పని సంచులు కూడా తెప్పించింది. నేల మీద కూర్చుని ఒక్కో ముడీ తడుముతూ రెండు కుప్పలు పెట్టింది. ఒక కుప్పలో ముప్పై ఆరు, ఇంకో కుప్పలో పదకొండు.

మరిది వచ్చి రెండు కుప్పల్లోంచి చెరొకటి తీసుకుని పక్కపక్కన పెట్టుకున్నాడు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు.

"వదినా, పై దవడలో కుడివైపు పన్ను, ఎడమవైపు పన్ను ఎలా ఉంటాయో తెలుసా? చూడ్డానికి కవలలు. దీని చోట్లో అది పెట్టు, చచ్చినా కూర్చోదు. ఈ ముడులూ అంతే. ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ."

"అంటే?"

"పంతులమ్మ ఒకరు కాదు. ఇద్దరు. రెండోవాళ్ళది ఎడమచేతి వాటం."

కత్తెరమ్మ ఆ రాత్రి రెండుసార్లు అన్నం వడ్డించుకుంది, చెల్లెలు లెక్కపెట్టుకుంది.

మేనేజరు చేత కబురుపెట్టి పిలిపిస్తే, డ్రైవరు మాత్రం కాదన్నాడు. ఆ ఫ్యాక్టరీలో కట్టలు కట్టేది ఒక్కడే, పెద్దాయన, కుడిచేత్తోనే సంతకం పెడతాడు, నేను పదేళ్ళుగా చూస్తున్నాను అని గట్టిగా చెప్పాడు. అది విన్నాక ఆమెకి ఇంక కాలు నిలవలేదు. ఫ్యాక్టరీకి వెళ్ళాల్సిందేనని పట్టుబట్టింది. ఏమని వెళ్తాం, ముడి చూడ్డానికి వచ్చామని చెబుతామా, నవ్వుతారు అంది చెల్లెలు. నవ్వనీ, మనం అయితే వెళ్దాం అంది అక్క.

సెలవు పెట్టి చెల్లెలు బస్సెక్కించింది. ఫ్యాక్టరీ పెద్దదేం కాదు. రేకుల షెడ్డు, జిగురు వాసన, కాగితం కోసే మిషను చప్పుడు. చివర ఒక గదిలో కట్టలు కట్టే బల్ల. బల్ల వెనక పెద్దాయన లేచి నిలబడ్డాడు. కత్తెరమ్మ సంచిలోంచి పదకొండు ముడులూ తీసి బల్ల మీద పోసింది. ఇవి ఎవరు వేశారో తెలుసుకుందామని వచ్చాం అంది.

ఆయన కంగారుపడ్డాడు. కట్టలేమైనా విడిపోయాయా, సరుకు పాడైందా అని అడిగాడు. అన్నీ నేనే కట్టానమ్మా, ఇక్కడ ఇంకెవరూ లేరు అన్నాడు. ఇంకెవరూ అన్నప్పుడు ఆయన చూపు పక్కగది తలుపు వైపు వెళ్ళింది. అది చెల్లెలికి కనిపించింది. కత్తెరమ్మకి కనిపించలేదు, ఆ తలుపు వెనక కాగితాలు సర్దుతున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోవడం మాత్రం వినిపించింది.

"ఫిర్యాదుకి రాలేదయ్యా. నేను కట్టలు విప్పే మనిషిని. ఇన్నేళ్ళూ ఈ ముడులు విప్పి... కాదు, కోసి పారేశాను. ఇప్పుడు ఏరుకుంటున్నాను. వాటిలో ఇవి పదకొండు వేరు. వేసిన మనిషిని ఒకసారి కలిస్తే చాలు" అంది కత్తెరమ్మ.

తలుపు తెరుచుకుంది. వచ్చినామె పెద్దాయన భార్య. పక్క వీధిలో బట్టలు కుట్టుకుంటుంది. పని ఎక్కువైన రోజుల్లో, ఆయనకి నడుము పట్టేసినప్పుడు మధ్యాహ్నం పూట వచ్చి సాయం చేస్తుంది. యజమానికి ఆమె సంగతి తెలియదు. పొద్దున్నే సరుకెత్తుకుని పోయే డ్రైవరుకీ తెలియదు. అక్కడిదాకా చెప్పి, మాకేం ఇబ్బంది రాదు కదా అని అడిగింది. రాదని చెల్లెలు తన బడి మీద ఒట్టేసి చెప్పింది.

"మీది ఎడమచేతి వాటమా అమ్మా?" అని అడిగింది కత్తెరమ్మ.

"లేదండీ. అన్నం తినేది, సూది పట్టేది అంతా కుడిచేత్తోనే."

కత్తెరమ్మ బల్ల అంచు పట్టుకుని తడుముతూ ఆమె పక్కకి వెళ్ళింది. ఒక్కటి కట్టి చూపించమంది. ఆమె కట్టడం మొదలుపెట్టగానే, ఏమనుకోకమ్మా అని ఆ చేతుల మీద తన చేతులు ఆనించింది. కట్టే చేతులు కదిలాయి, ఆనించిన చేతులు వాటితో పాటు వెళ్ళాయి. తాడు తిప్పుతున్నది ఎడమచెయ్యే. చుట్టూ రెండుసార్లు తిప్పి, కన్ను తీసి, కొస లాగింది.

"ఈ ముడి నీకు ఎవరు నేర్పారు?"

"ఇంకెవరు, ఈయనే. పెళ్ళైన కొత్తలో."

"ఎక్కడ కూర్చుని నేర్చుకున్నావు?"

ఆమె నవ్వింది. "ఎక్కడేంటండీ, ఎదురుగా. కట్ట మధ్యలో పెట్టుకుని ఆయన అటు, నేను ఇటు. ఆయన చెయ్యి ఏ వైపు కదిలితే నేనూ ఆ వైపు చెయ్యే కదిపేదాన్ని."

పెద్దాయన నోరు తెరుచుకుని భార్య చేతుల వైపు చూశాడు. తను ఒక ముడి వేసి, ఆమె వేసినదాని పక్కన పెట్టుకుని, ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. ముప్పై నాలుగేళ్ళయింది, ఎదురుగానే కూర్చున్నాను, ఒక్కనాడు తెలియలేదు అన్నాడు.

"తెలియదులెండి. చూసేవాళ్ళకి రెండూ ఒకటే" అంది కత్తెరమ్మ.

ఆ మాట ఆమె ఓదార్పుగా అన్నది. అన్నాక అదేమిటో తనకే వినపడినట్టు, ఆ రెండు ముడులూ మళ్ళీ తడిమి చూసుకుంది. భార్యాభర్తలు అప్పటికే పోట్లాట మొదలుపెట్టారు. నువ్వు నాకు తిరగేసి నేర్పావని ఆమె, నిన్ను పక్కన కూర్చోమంటే సిగ్గుపడి ఎదురుగా కూర్చున్నావని ఆయన. సిగ్గా, నీ పక్కన జిగురు డబ్బా ఉండేది అని ఆమె. మిషను దగ్గరివాళ్ళు పని ఆపి తొంగిచూశారు. పోట్లాట మధ్యలోనే ఇద్దరూ చెరొక ముడి వేసి కత్తెరమ్మ సంచిలో పడేశారు. వాళ్ళు వెళ్ళేముందు ఆమె, ఇంకెవరెవరి ముడులున్నాయి మీ దగ్గర అని అడిగింది. కత్తెరమ్మ మీసాల వాచ్‌మన్‌ సంగతి చెప్పింది. బస్సుకి వేళవుతోందని చెల్లెలు చెయ్యి లాగేదాకా చెబుతూనే ఉంది.

బస్సు కిటకిటలాడుతోంది. ఎవరో కదిలి కత్తెరమ్మకి చోటిచ్చారు. చెల్లెలు పక్కన నిలబడి, అక్క ముఖాన్ని చూస్తూ ఉంది. అలసిపోయిందేమో, నిద్రపోతుందేమో అనుకుంది. కత్తెరమ్మ నిద్రపోలేదు. మోకాలికి ఏదో తగులుతుంటే చెయ్యి కిందికి దించింది. పక్క సీటామె కాళ్ళ దగ్గర పెట్టుకున్న గంప అది. మీద గోనెపట్టా కప్పి తాడుతో బిగించి ఉంది. కత్తెరమ్మ వేళ్ళు తాడు వెంట మెల్లగా పాకి, ఒకచోట ఆగాయి. వెనక్కి వచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి.

పక్కావిడ గంప దగ్గరికి లాక్కుని, ఏంటమ్మా, ఏం కావాలి అంది అనుమానంగా.

కత్తెరమ్మ ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"ఏం లేదమ్మా. ఇలాంటిది నేనెప్పుడూ ఎరగను. ఈ ముడి ఎవరు వేశారు?"